ఒక అడుగు ఎక్కువ

ఔలులో నవంబరు. మూడున్నరకే పొద్దుగూకింది.
స్టూడియో కింద, ఒకప్పుడు బంగాళదుంపలు దాచిన నేలమాళిగలో
మైకు పట్టుకుని చతికిలబడ్డాను.
మెట్ల మీద తూయిరె, వాళ్ళ నాన్న రబ్బరు బూట్లు తొడుక్కుని.
నేను చెయ్యి ఊపితే నడుస్తుంది,
దించితే ఆగుతుంది.

మా ఆటలో నేల కింద ఏడు అంతస్తులు.
మూడోదాని దగ్గరే ఓస్మోకీ నాకూ చెడింది.
బొమ్మ గీసి తెచ్చాడు:
నాలుగు చేతులు, నోటినిండా కోరలు, ఎందుకో తోక కూడా.
బాగుంది, అన్నాను.
బాగున్నదాన్ని చూసి ఎవడు జడుస్తాడు?
కంటబడ్డాక దాని నెత్తిన ఎర్రగీత ఒకటి ఉంటుంది,
కత్తివేటుకు ఇంత, కత్తివేటుకు ఇంత తరుగుతుంది.
లెక్క తేలేదాన్ని భూతమనరు,
పని అంటారు.

దాన్ని తీసెయ్. గది ఉంచు.
తలుపు ఉంచు, గోళ్ళతో లోపలినుంచి గీరినట్టు.
బల్ల మీద సగం తిన్న రొట్టె, ఇంకా పొగలు పోతూ.
కాగడా మూడు నిమిషాలకే కొడిగట్టాలి.
ఆడినంతమేరా భద్రం చేసే రాయి
రెండు అంతస్తుల పైన వదిలేసి వచ్చి ఉండాలి.
చస్తే పోయేది ప్రాణం కాదుగా,
ఒక ఆదివారం మధ్యాహ్నం.
అది ఇంకా గట్టిగా పట్టుకుంటారు మనుషులు.

ఇక నా వంతు, అడుగులు.
నడిస్తే చప్పుడు, ఆగితే నిశ్శబ్దం. అది అందరూ చేసేదే.
నేను ఆగాక ఇంకొకటి కలిపాను.
ప్రతిసారీ కాదు, ఏ ఇరవైసార్లకో.
సొంత అడుగుకన్నా రవ్వంత బరువుగా,
ప్రతిధ్వనేలే అని సర్దిచెప్పుకునేంత ఆలస్యంగా,
సర్దిచెప్పుకున్నా మెడ తిప్పకుండా ఉండలేనంత దగ్గరగా.

ఆడి చూడ్డానికి ఐమో వచ్చాడు.
కాగితం మిల్లులో రాత్రి షిఫ్టు, ఎలుగుబంటంత మనిషి,
ఉచితంగా ఇచ్చే కాఫీ కోసం వచ్చానన్నాడు.
మూడో అంతస్తులో, ఆ తలుపు ముందు,
తొమ్మిది నిమిషాలు కదల్లేదు.
యంత్రం ఆగిందేమో అనుకున్నాం.
తర్వాత అతని మైకు రికార్డు విప్పి విన్నాను:
ఊపిరి.
గడ్డకట్టబోయే నీళ్ళు పడవ అంచును తడుముతున్నట్టు
వస్తూ, పోతూ.
ఎనిమిదో నిమిషంలో, చాలా మెల్లగా, "ఎవరది?"
తొమ్మిదో నిమిషంలో, ఇంకా మెల్లగా,
"తప్పయింది, పోతున్నా."

ఖాళీ గదికి క్షమాపణ చెప్పి వెనుదిరిగాడు!

ఎవరూ తోయలేదు అతణ్ణి లోపలికి.
కుర్చీ మెత్తన, కిటికీ అవతల వీధిదీపం, చేతికందే దూరంలో కాఫీ.
ముందుకు వెళ్ళే మీట మీద ఉన్నది తన బొటనవేలే.
మరొకరి వేలైతే తిట్టుకుంటూ పోయేవాడేమో.

ఆ ఊపిరి వాడుకోవచ్చా అని అడిగాను.
చెవులదాకా ఎర్రబడి సంతకం పెట్టాడు,
మిల్లులో మాత్రం చెప్పొద్దన్నాడు.
దాన్ని తెచ్చి తలుపు అవతల పెట్టాను,
మాట కోసేసి, శ్వాస ఒక్కటే.

ఓస్మో తన కోరలబొమ్మను ఫ్రిజ్ తలుపుకు అంటించాడు.
దాన్ని పక్కకు లాగి పాలు తీసుకుంటున్నాం రోజూ.

గురువారం సైమి వచ్చింది. పదిహేడేళ్ళు.
ఇలాంటివి బోలెడు ఆడానంటూ, చూయింగ్ గమ్ నములుతూ
ఒకటి, రెండు అంతస్తులు పరుగున దిగింది.
తలుపు దగ్గర ఆగింది.
ఒక అడుగు ఎక్కువ పడింది.
నమలడం ఆగింది.
అవతల ఐమో, మిల్లు నుంచి వచ్చిన మంచి మనిషి,
భయంతో ఊపిరి తీస్తున్నాడు.
ఇవతల ఈ పిల్ల ఊపిరి బిగబట్టింది.

ఆ రాత్రి ఆమె రికార్డు విన్నాను.
పదకొండు సెకన్లు ఏమీ లేదు.
గమ్ చప్పుడు కూడా లేదు.
ఆ ఏమీలేనిదాన్ని రెండువైపులా జాగ్రత్తగా కోసి
పేరు రాసి పెట్టుకున్నాను
నాలుగో అంతస్తుకు.